దోస్తుతో నాలుగు రోజులు: మంచుకా, బండకా?

డిసెంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా కాలేజీ పిల్లల ఫోన్లు తెల్లబడిపోతాయి. గుల్మార్గ్, ఔలీ, మనాలీ పక్కనున్న సోలంగ్, ఎక్కడ చూసినా కాళ్లకు రెండు పొడుగాటి పలకలు బిగించుకుని మంచువాలు మీద జారిపోయేవాళ్లే. ఆ వీడియోలు చూసి నల్లగొండలోనో, పాలమూరు అనే మహబూబ్‌నగర్‌లోనో డిగ్రీ చదివే పిల్లలు ‘ఈ సెలవులకు మనిద్దరం పోదామా’ అని దోస్తును అడగడంలో తప్పేమీ లేదు. ఆ వయసులో అడగకపోతే ఇంకెప్పుడు అడుగుతారు? అయితే కోరికను చంపుకోకుండానే కాగితం మీద లెక్క వేసి చూసుకోవచ్చు. ఆ లెక్క చెప్పేది ఇది: నాలుగైదు రోజుల సెలవుల్లో మన ప్రాంతపు విద్యార్థికి స్కీయింగ్ రాదు. అక్కడికి పోయి రావడానికే సెలవులు అయిపోతాయి. అవే నాలుగు రోజుల్లో నిజంగా నేర్చుకోగల సాహస క్రీడ ఒకటి మనకు బస్సు దూరంలోనే ఉంది. అది భువనగిరి గుట్ట మీద తాడు కట్టుకుని బండ ఎక్కడం. మంచు అందక బండతో సరిపెట్టుకోమని చెప్పడం లేదు. ఇద్దరు స్నేహితులు కొద్దిరోజుల్లో చేయదగ్గ పనిగా చూస్తే స్కీయింగ్ కంటే బండే మేలైనదని, మంచు దాకా పోవాలన్నా దారి బండ మీదుగానే ఉందని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు స్కీయింగ్ అంటే ఏమిటో చూద్దాం. చూసేవాళ్లకు జారడంలా కనిపిస్తుంది గాని అందులో అసలు విద్య ఆగడమే. గట్టి ప్లాస్టిక్ బూట్లు చీలమండ కదలకుండా కాలిని పట్టేస్తాయి. ఆ బూట్లను స్కీలకు బిగించే బైండింగ్ అనే పట్టీ, మనిషి పడి కాలు మెలిక పడబోతే దానంతటదే ఊడిపోవాలి. లేకపోతే మోకాలు పోతుంది. మొదటి రోజు నేర్పేది పడటం, పడ్డాక లేవడం, స్కీలను అడ్డంగా పెట్టి మెట్లు ఎక్కినట్టు పక్కకు పక్కకు వాలు ఎక్కడం. తర్వాత రెండు స్కీల ముందు కొనలను దగ్గరకు తెచ్చి, వెనక కొనలను దూరం జరిపి, నాగలి ఆకారంలో పెట్టి వేగం తగ్గించడం. ఇది ఒంటికి పట్టాకే మలుపులు. ఇక్కడో చిక్కుంది. వాలు చూసి భయపడ్డ మనిషి వెనక్కి వాలతాడు. వెనక్కి వాలితే బరువు స్కీల ముందు భాగం మీద ఉండదు, పట్టు పోతుంది, వేగం పెరుగుతుంది. నిలదొక్కుకోవాలంటే లోయ వైపే ఒంగాలి. భయం చెప్పేదానికి ఉల్టా చేయడం ఒంటికి అలవాటు కావాలంటే ఒకటి రెండు రోజులు చాలవు. మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ స్కీయింగ్ ప్రాథమిక కోర్సును పద్నాలుగు రోజులు పెట్టింది ఊరికే కాదు. రోజూ పొద్దున, మధ్యాహ్నం వాలు మీదే ఉంచితే ఆ పద్నాలుగు రోజులకు మనిషి ఒక సాధారణ వాలును పడకుండా దిగగలుగుతాడు.

ఇప్పుడు మన పిల్లల నాలుగు రోజులకు వద్దాం. నల్లగొండ నుంచి గాని మహబూబ్‌నగర్ నుంచి గాని హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. అక్కడి నుంచి ఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఒక పగలూ ఒక రాత్రీ. ఢిల్లీ నుంచి మనాలీకి మరో రాత్రి బస్సు, కొండదారిలో. దిగేసరికి రెండు రోజులు ఖర్చు. తిరిగి రావడానికి మరో రెండు. విమానంలో శ్రీనగర్ పోతే టైం కలిసొస్తుంది, కాని ఆ టికెట్టు పండుగ రోజుల్లో ఎంత పలుకుతుందో చూసిన తండ్రి ఇంకో మాట మాట్లాడడు. ఒంటి సంగతీ ఉంది. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంటే గుల్మార్గ్ 2,600 మీటర్లు దాటి ఉంటుంది. అక్కడి గొండోలా అనే రోప్‌వే రెండో దశలో అఫర్వత్ శిఖరం దాపుకు, 3,900 మీటర్ల పైకి తీసుకుపోతుంది. దిగిన రోజే పైకి పోతే తలనొప్పి, వాంతులు వచ్చే అవకాశం ఎక్కువ. గాలికి అలవాటు పడటానికీ ఒకటి రెండు రోజులు ఇవ్వాలి. ఇన్నీ తీసేస్తే నాలుగు రోజుల్లో మిగిలేది ఏమిటి?

సెలవుల క్యాలెండరు కూడా మంచుతో కలిసిరాదు. మన కాలేజీలకు మూడు సందర్భాల్లో సెలవులు. దసరాకు అక్టోబరులో ఆ కొండల వాలుల మీద మంచు ఇంకా పడదు. ఎండాకాలం సెలవులకు స్కీ వాలుల మీది మంచు కరిగిపోయి పచ్చగడ్డి మొలుస్తుంది. మిగిలింది సంక్రాంతి. అది కొద్దిరోజులే, పైగా ఇంటిల్లిపాదీ ఒకచోట చేరే పండుగ. ఆ రోజుల్లో కొడుకునో కూతురునో మంచుకొండకు పంపే తల్లి దక్షిణ తెలంగాణలో ఇంకా పుట్టలేదేమో. సరే, పంపిందే అనుకుందాం. జనవరిలో మంచు ఉంటుందన్న నమ్మకం మాత్రం ఏముంది? 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు మట్టిరంగులో ఎండిపోయి కనిపించాయి. హోటళ్ల బుకింగులు రద్దయ్యాయి. 2025 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలనే మంచు చాలక వాయిదా వేసి మార్చిలో జరిపారు. ప్రభుత్వమే తేదీ నిలబెట్టుకోలేని చోట ఇద్దరు విద్యార్థులు నెల ముందు టికెట్లు కొని ఏం చేస్తారు? ఔలీది మరో కథ. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలకు వేదికైన ఆ ఊరికి దారి జోషీమఠ్ మీదుగానే. 2023 జనవరిలో జోషీమఠ్ నేల కుంగి ఇళ్లు పగుళ్లిచ్చాయి, అక్కడి నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వే ఆగిపోయింది. హిమాలయం మెత్తని కొండ, ఇంకా కుదురుకోని కొండ.

అందుకే కొద్దిరోజుల కోసం మంచుకు పోయినవాళ్లు చాలామంది చేసేది స్కీయింగ్ కాదు. మనాలీ నుంచి సోలంగ్ పోయే దారిపొడవునా అద్దె దుకాణాలుంటాయి. నీలం, ఎరుపు రంగుల మందపాటి ఒంటి దుస్తులు, రబ్బరు బూట్లు వేలాడుతుంటాయి. పర్యాటకుడు వాటిలోకి దూరి, వాలు అడుగున చదునుగా ఉన్నచోట స్కీలు కట్టించుకుంటాడు. అక్కడి కుర్రాడు చేయి పట్టుకుని నాలుగు గజాలు లాగుతాడు, ఒకసారి వదులుతాడు, ఒకసారి పడేస్తాడు, ఫోటోలు తీస్తాడు. కాసేపట్లో తతంగం ముగుస్తుంది. దీన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. జీవితంలో మొదటిసారి మంచు ముట్టుకోవడం సంతోషమే. కాని దానికి యాత్ర అని పేరు, ఆట అని కాదు. మంచు ముట్టుకోవడమే కోరికైతే హైదరాబాద్‌లో దోమలగూడ వైపు స్నో వరల్డ్ 2004 నుంచి ఉంది. అక్కడ కూడా ఇచ్చేది అద్దె కోటే.

స్కీయింగ్‌ను నిజంగా నేర్చుకున్నవాళ్లు ఎవరో గమనిస్తే ఒక విషయం బయటపడుతుంది. వాళ్లందరికీ మంచు ఇంటిముందే ఉంది. స్వీడన్, నార్వే దేశాల బురదనేలల్లో వేల ఏళ్ల నాటి స్కీలు దొరికాయి. చలికాలంలో వేటకు, పొరుగూరికి పోవడానికి అక్కడ అవే కాళ్లు. 2022లో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు భారతదేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్. జెయింట్ స్లాలమ్ అనే స్కీ పందెంలో 45వ స్థానంలో నిలిచాడు. అతనిది గుల్మార్గ్ పక్కనున్న పల్లె. తండ్రికి స్కీ సామాన్ల దుకాణం ఉంది. నాలుగేళ్ల వయసులోనే తండ్రి అతన్ని స్కీల మీద నిలబెట్టాడు. ఆ ఊరి పిల్లవాడికి మంచువాలు మన పల్లె పిల్లవాడికి ఊరబావి లాంటిది. ఈత నేర్పమని ఎవరూ ఎవర్నీ అడగరు, దూకడమే. అమెరికాలో చదివే మన పిల్లల సంగతీ అంతే. నల్లగొండ, పాలమూరు నుంచి ఎమ్మెస్‌కు వెళ్లి కొలరాడోలోనో, యూటాలోనో ఉన్న అమ్మాయి మార్చిలో వచ్చే వసంత సెలవుల్లో రూమ్మేట్‌తో కలిసి స్కీ కొండకు పోయి రావడంలో వింతేమీ లేదు. కొన్ని గంటల ప్రయాణం, సామాను అద్దెకు దొరుకుతుంది, కొత్తవాళ్లకు విడిగా వాలు, గంటల లెక్కన నేర్పే గురువు. ఆమె పోయిందని ఇక్కడున్న చెల్లెలు కూడా మంచుకే పోనక్కర్లేదు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో సెలవు వస్తే పుస్తకం మూసి దగ్గర్లో ఏది ఉంటే దానికి పోతారు. మంచు ఉంటే మంచుకు, నది ఉంటే నదికి, బండ ఉంటే బండకు. మనం తెచ్చుకోవాల్సింది ఆ అలవాటును, మంచును కాదు.

మనకు దగ్గర్లో ఉన్నది బండ. నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత జిల్లాలు రెండూ దక్కన్ గ్రానైటు మీద కూర్చున్నాయి. ఈ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దాని పక్కన హిమాలయం పసిబిడ్డ, పుట్టి అయిదు కోట్ల ఏళ్లే. మన గుట్టలు కోట్ల ఏళ్ల ఎండకు వానకు ఉల్లిపొర ఊడినట్టు పొరలు పొరలుగా ఊడి, మూలలు అరిగి, గుండ్రంగా నున్నగా తయారయ్యాయి. అందుకే ఊరి పక్కన గుండు మీద గుండు పేర్చినట్టు కనిపిస్తాయి. ఈ గుట్టల మీదనే రాజులు కోటలు కట్టుకున్నారు. రేచర్ల పద్మనాయకులు రాచకొండ, దేవరకొండల నుంచి ఏలారు. పాలమూరు వైపు కోయిలకొండ, ఘనపురం కోటలు. అన్నిట్లోకీ చిత్రమైనది భువనగిరి. పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరి అయి, వాడుకలో భువనగిరిగా స్థిరపడింది. ఒకే బండ. దాదాపు 500 అడుగుల ఎత్తు. హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే రైల్లో కూర్చుంటే కిటికీ నిండా కనిపిస్తుంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు యాదాద్రి భువనగిరి వేరు జిల్లా అయింది గాని, అంతవరకూ నల్లగొండదే. కోట చూడటానికి మెట్లున్నాయి. బండ ఎక్కేవాళ్లకు మాత్రం మెట్లు అక్కర్లేదు.

ఈ గుట్ట పాదాన రాక్ క్లైంబింగ్ స్కూలు నడుస్తోంది. పర్వతారోహకుడు శేఖర్‌బాబు బచినేపల్లి దాని వెనకున్న మనిషి. అక్కడ కొత్తవాళ్లకు నేర్పే పద్ధతి చూస్తే ఈ ఆటకు ఇద్దరు ఎందుకు కావాలో తెలుస్తుంది. తాడు ముందే పైన గట్టి ఆధారానికి వేసి ఉంటుంది. దాని ఒక కొసను ఎక్కేవాళ్ల నడుముకు కట్టిన హార్నెస్‌కు ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేస్తారు. రెండో కొస కింద నిలబడ్డ దోస్తు హార్నెస్‌కున్న చిన్న లోహపు పరికరం గుండా పోతుంది. ఎక్కేవాళ్లు ఒక్కో అడుగు పైకి పోతుంటే కిందివాళ్లు వదులైన తాడును లాగుతుంటారు. కాలు జారితే పరికరంలో తాడు మెలికపడి బిగుసుకుంటుంది, జారినవాళ్లు అక్కడే వేలాడతారు. తాడుకూ లోహానికీ మధ్య, పైన ఆధారం దగ్గర పుట్టే రాపిడి వల్ల సన్నటి అమ్మాయి తనకంటే బరువైన అబ్బాయిని కూడా ఆపగలదు. ఈ పనిని బిలే అంటారు. ఎక్కబోయే ముందు ఒకరి ముడిని మరొకరు చేత్తో తడిమి చూడాలి. ‘బిలే ఆన్’ అని కిందివాళ్లు చెప్పకుండా పైకి అడుగు పడకూడదు. ఎక్కేవాళ్లు పైన ఉన్నంతసేపూ కిందివాళ్ల చేయి తాడు మీది నుంచి తీయకూడదు, ఫోను మోగినా సరే. స్నేహితుడితో కలిసి గడిపే సెలవుగా ఆలోచించండి. స్కీ వాలు మీద ఇద్దరు కలిసి పోయినా దిగేటప్పుడు ఎవరి జారుడు వారిది. ఒకడు కింద తేలితే ఒకడు పైన పడి ఉంటాడు. బండ మీద మాత్రం ఒకరు లేకుండా మరొకరికి ఆటే లేదు.

ఎక్కడంలోనూ స్కీయింగ్‌లోని చిక్కే ఎదురవుతుంది, వేరే రూపంలో. భువనగిరి బండ నున్నటి వాలు. చేతికి దొరికే పట్టులు తక్కువ. రబ్బరు అడుగున్న బూటుకూ రాతికీ మధ్య రాపిడే ఆధారం. భయపడ్డవాళ్లు బండను కావలించుకుంటారు. కావలించుకుంటే ఒంటి బరువు పాదాల మీద నేరుగా పడదు, కాళ్లు బయటికి తన్నుకుపోతాయి, జారతారు. నడుమును బండ నుంచి ఎడంగా జరిపి, మడమలు దించి, పాదాల మీద నిటారుగా నిలబడితే అదే రాయి పట్టుకుంటుంది. మంచు మీద వెనక్కి వాలొద్దని చెప్పినట్టే ఇక్కడ ముందుకు అతుక్కోవద్దని చెబుతారు. రెండు చోట్లా భయం ఇచ్చే సలహా తప్పే. తేడా ఒక్కటే. బండ మీద ఈ పాఠం ఒక పూటలో మొదలై రెండు రోజుల్లో ఒంటికి ఎక్కుతుంది, ఎందుకంటే తాడు ఉంది, తప్పు చేస్తే అడుగు జారి ఆగుతాం, మళ్లీ అదే అడుగు వేస్తాం. కాలం కూడా కలిసొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పెనంలా కాలే ఈ బండ అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా చల్లబడి ఉంటుంది. రాతికి చెమట పట్టని చేతులు కావాలి, చలి పొద్దు కావాలి. దసరా, సంక్రాంతి సెలవులు మంచుకు ఎంత పనికిరానివో బండకు అంత పనికొస్తాయి.

ఇది ఊహ కాదని చెప్పడానికి ఈ గుట్టే సాక్షి. 2013లో అప్పటి సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ గురుకుల పిల్లలకు పర్వతారోహణ నేర్పించాలని పూనుకున్నారు. వందకు పైగా పిల్లలను భువనగిరికి తెచ్చారు. వాళ్లలో చాలామంది అప్పటిదాకా మంచు అనేది సినిమాలో తప్ప చూసి ఎరగరు. బండ మీద నిలదొక్కుకున్న ఇరవై మందిని డార్జిలింగ్‌లోని హిమాలయన్ పర్వతారోహణ సంస్థకు పంపారు. టెన్జింగ్ ఎవరెస్టు ఎక్కిన మరుసటి ఏడాది, 1954లో స్థాపించిన సంస్థ అది. అక్కడ రెనాక్ శిఖరం, తర్వాత చలికాలపు లడఖ్. చివరికి మిగిలింది ఇద్దరు: నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్. 2014 మే 25న ఇద్దరూ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు, పదమూడేళ్ల పదకొండు నెలలు. ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ శిఖరం చేరిన అమ్మాయి అంతకుముందు లేదు. భువనగిరి బండను మొదట చూసినప్పుడు కాళ్లు వణికాయని, ఎక్కాక ఆ భయం పోయిందని ఆమె తర్వాత చాలాచోట్ల చెప్పింది. 2022 జూన్‌లో డెనాలి ఎక్కడంతో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తిచేసింది.

పూర్ణ, ఆనంద్‌లు నల్లగొండ పిల్లలు కారు కదా అనవచ్చు. పడమటి అన్వితా రెడ్డి భువనగిరి అమ్మాయే. చిన్నప్పటి నుంచి కోటను చూస్తూ పెరిగింది. ఈ స్కూల్లోనే తాడు పట్టుకోవడం నేర్చుకుని, ఇక్కడే పిల్లలకు నేర్పే శిక్షకురాలు అయింది. 2022 మే 16న ఎవరెస్టు మీద నిలబడింది. ఆమెకంటే ముందు ఆ గుట్ట పక్కన తరతరాలుగా ఎందరో పుట్టి పెరిగారు. వాళ్లెవరికీ లేనిది, ఆమెకు దొరికింది గుట్ట కాదు. గుట్ట పాదాన ఒక తాడు, దాన్ని పట్టుకోవడం నేర్పే మనిషి. ఈ ప్రాంతంతో ముడిపడి నిజంగా మంచు మీద నిలిచి గెలిచిన పేర్లు చెప్పమంటే ముందుగా నోటికొచ్చేవి ఇవే, అన్నీ ఈ బండ మీదుగానే పోయాయి. మంచు కావాలంటే బండ దగ్గర మొదలుపెట్టమనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇదంతా అందని ద్రాక్ష పుల్లన అన్నట్టుందని ఎవరైనా అంటారు. డబ్బున్నవాళ్లు గుల్మార్గ్ పోతారు, లేనివాళ్లకు భువనగిరి చూపిస్తున్నారు అని. ఈ మాటలో కొంత నిజం ఉంది, కొట్టిపారేయకూడదు. పాలమూరు వలసల జిల్లాగా పేరుపడ్డది, ఆ పిల్లల కోరికలకు ఎప్పుడూ ఎవరో ఒకరు చిన్న కొలత చూపిస్తూనే ఉన్నారు. కాని పైన చెప్పిన లెక్కలో డబ్బు ఒక్క వాక్యమే. డబ్బున్న ఇంటి పిల్లవాడికీ సంక్రాంతి సెలవు అంతే, అతనికీ స్కీయింగ్ నేర్చుకోవడానికి రెండు వారాలు పడుతుంది, అతను పోయినా మంచు పడకపోవచ్చు. పైగా మంచు పేదవాళ్లది కాదనడం సరికాదు. మనాలీ, ఉత్తరకాశి, గుల్మార్గ్, డార్జిలింగ్‌లలోని ప్రభుత్వ సంస్థలు తిండి, బస, సామాను కలిపి ఇచ్చే కోర్సుల రుసుము ప్రైవేటు టూరు ప్యాకేజీలతో చూస్తే తక్కువ. ఎన్‌సీసీలో చేరిన క్యాడెట్లకు ఆ సంస్థల్లో పర్వతారోహణ కోర్సులకు పోయే దారి ఉంది. కనుక మంచు మీద నిజంగా మనసున్నవాళ్లు ఈ సంక్రాంతికి పరుగెత్తకండి. ముందు బండ మీద రెండు సెలవులు గడపండి. డిగ్రీ అయ్యాకనో, ఉద్యోగంలో చేరే ముందో రెండు వారాలు దొరికిన చలికాలంలో కోర్సుకు పేరు ఇచ్చి పోండి. అప్పుడు మంచు ఫోటోగా మిగలదు.

రెండో అభ్యంతరం ప్రమాదం. తల్లిదండ్రులకు బండ అనగానే పడిపోవడమే కనిపిస్తుంది. వాళ్ల భయం అర్థం లేనిదేమీ కాదు. తాడు లేకుండా, ఎవరూ చూపించకుండా, సెల్ఫీ కోసం గుట్ట అంచుకు పోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. వానకు తడిసిన గ్రానైటు నాచు పట్టి జారుతుంది. కోట గుట్టల చీలికల్లో తేనెపట్లుంటాయి, కదిలిస్తే పరుగెత్తడానికి చోటుండదు. అందుకే ఇక్కడ చెబుతున్నది బండ ఎక్కమని కాదు, బడికి పోయి ఎక్కడం నేర్చుకోమని. హెల్మెట్ పెట్టించి, ముడి చూసి, పైన ఆధారం పరీక్షించాక ఎక్కించే చోట, కొత్తవాళ్లు పడేది తాడు సాగినంత మేరే. స్కీ వాలు మీద తాడు లేదు. వేగం, పక్కవాళ్లు, చెట్టు, ఇవన్నీ మన చేతిలో ఉండవు. మొదటి పాఠానికి రెంటిలో ఏది భద్రమంటే శిక్షకుడున్న బండ అనే చెప్పాలి.

ఆడపిల్లలను ఎలా పంపుతాం అన్నది అడగకుండా ఎవరూ ఉండరు. మనాలీకి పంపడం గురించి అడిగితే ఆ ప్రశ్నకు సమాధానం కష్టం. భువనగిరికి మాత్రం తేలిక. నల్లగొండ నుంచి పొద్దున బస్సెక్కితే రెండు గంటల్లో దిగుతారు, పొద్దుగూకేలోపు ఇంటికొస్తారు. పాలమూరు నుంచి దూరమే, హైదరాబాద్ మీదుగా నాలుగు గంటలు దాటుతుంది. ఇద్దరు స్నేహితురాళ్లు కలిసి పోతే ఒకరికొకరు తోడు. ఎవరెస్టు ఎక్కిన ఈ ఊరి అమ్మాయి అక్కడే నేర్చుకుని, అక్కడే పిల్లలకు నేర్పిందన్న సంగతి ఇంట్లో చెప్పండి, సగం వాదన తీరిపోతుంది.

నిజమైన లోపం వేరే ఉంది. రెండు పాత జిల్లాల్లో ఇన్ని గుట్టలుండగా పేరున్న బండల బడి ఒక్క భువనగిరిలోనే ఎందుకుంది? కోయిలకొండ, ఘనపురం, దేవరకొండ, రాచకొండ పాదాల దగ్గర ఎందుకు లేవు? నల్లమలలో సలేశ్వరం జాతరకు చైత్ర పౌర్ణమి నాడు ముసలివాళ్లు సైతం కర్ర పట్టుకుని లోయలోకి దిగి, మళ్లీ ఎక్కి వస్తారు. కొండ ఎక్కడం ఈ నేల మనుషులకు కొత్త కాదు, కాలేజీలకే కొత్త. మరోవైపు మన గ్రానైటు గుట్టలను క్వారీలు పలకలుగా కోసి లారీలకెత్తుతుంటే చూస్తున్నాం. హైదరాబాద్‌లో 1996 నుంచే రాళ్లను కాపాడే సంఘం ఒకటి పనిచేస్తోంది. ఎక్కడం తెలిసిన విద్యార్థులు పదిమంది ఉన్న ఊళ్లో గుట్టకు మాట్లాడేవాళ్లు పదిమంది ఉన్నట్టు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. ప్రతి విశ్వవిద్యాలయానికీ ఒక సాహస క్రీడల సంఘం, నాలుగు తాళ్లు, ఇరవై హెల్మెట్లు, శిక్షణ పొందిన ఇద్దరు మనుషులు ఉండటం పెద్ద బడ్జెటు పని కాదు. ఒక క్రికెట్ పిచ్ నిర్వహణ ఖర్చుతో పోల్చి చూసుకోమనండి.

కనుక ఈ దసరాకు పోదామనుకునే ఇద్దరు దోస్తులూ చేయాల్సిన పని చిన్నది. సెలవులకు నెల ముందు మీ కాలేజీ పీడీ సార్ దగ్గరకు వెళ్లి, భువనగిరి స్కూల్లో రెండు రోజుల శిక్షణకు కాలేజీ తరఫున బ్యాచ్ పంపమని అడగండి. ఇద్దరు అడిగితే చూద్దాంలే అంటారు. ఇరవై మంది సంతకాలు పెట్టి, అందులో సగం అమ్మాయిలవి ఉండేలా చూసి, ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే మీరిద్దరే ఫోన్ చేసి తేదీ తీసుకుని, ఇంట్లో చెప్పి, పొద్దున బస్సు పట్టుకోండి.